జపాన్‌లో ఇంగ్లిష్ టీచర్‌గా చేస్తున్నారా? లంచ్ బ్రేక్, పని గంటలు ఇలా లెక్క చూసుకోండి

జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లిన మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "కాంట్రాక్ట్‌లో రోజూ గంట బ్రేక్ అని రాశారు. ఆ గంటకి జీతం లేదు. కానీ ఆ టైంలోనే పిల్లలతో కూర్చుని తినమంటారు, తిన్నాక వాళ్లతో ఆడమంటారు. ఇది బ్రేకేనా? అడిగితే వీసాకి ఏమైనా ఇబ్బందా?"

చాలామంది విషయంలో అది బ్రేక్ కాదు, పనే. అడగడం వల్ల వీసా పోదు. అయితే "నాకు బ్రేక్ దొరకడం లేదండీ" అని నోటిమాటగా అంటే ఏ ఆఫీసూ కదలదు. ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరు చెబితే ఏం చేశారు, దానికి ఎన్ని యెన్‌లు రావాలి అన్నది కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. బడుల్లో అసిస్టెంట్ టీచర్లుగా, అంటే ఏఎల్‌టీలుగా చేసేవారికీ, ఎయ్‌కైవ అనే ప్రైవేటు సంభాషణ స్కూళ్లలో చేసేవారికీ ఇది పనికొస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవారికి చివర్లో కొంచెం రాశాను.

ముందు ఈ నాలుగు ముక్కలు తెలియాలి

జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 1947 నాటిది. విదేశీయులకీ అంతే వర్తిస్తుంది. అందులో మనకి కావాల్సింది కొంచెమే.

- పని రోజుకి 8 గంటలు, వారానికి 40 గంటలు దాటకూడదు. దాటిన సమయానికి మామూలు గంట రేటు మీద కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి.
- పని 6 గంటలు దాటితే కనీసం 45 నిమిషాలు, 8 గంటలు దాటితే కనీసం 60 నిమిషాలు బ్రేక్ ఇవ్వాలి.
- ఆ బ్రేక్ పని మధ్యలో రావాలి. "బ్రేక్ తీసుకోకుండా 45 నిమిషాలు ముందే ఇంటికి వెళ్లిపో" అంటే చెల్లదు.
- బ్రేక్‌లో మీ సమయం మీ చేతిలో ఉండాలి.

రెండో ముక్కలో "దాటితే" అన్న మాట గమనించండి. సరిగ్గా 6 గంటల పనికి చట్టం ప్రకారం బ్రేక్ ఇవ్వాల్సిన అవసరం లేదు. సరిగ్గా 8 గంటలైతే 45 నిమిషాలు చాలు. ఒక్క నిమిషం దాటితే లెక్క మారుతుంది. కొన్ని కంపెనీలు షిఫ్టులు సరిగ్గా ఆ గీత మీద ఆగేలా వేస్తాయి, అందుకే నిమిషాలతో సహా చూసుకోవాలి.

బ్రేక్‌కి జీతం ఇవ్వకపోవడం తప్పు కాదు. బ్రేక్ అని పేరు పెట్టి పని చేయించుకోవడం తప్పు.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- రోదో జోకెన్ త్సుచిషో. పని షరతులు రాసిచ్చే పత్రం ఇది. ఉద్యోగంలో చేరేటప్పుడే ఇవ్వాలని చట్టం. కాంట్రాక్ట్‌లోనే కలిపేసి ఉండొచ్చు.
- డిస్పాచ్ కంపెనీ, అంటే తన ఉద్యోగులని వేరే చోటికి పనికి పంపే సంస్థ, ద్వారా బడికి వెళ్తుంటే షూగ్యో జోకెన్ మెయ్‌జిషో. ఏ బడిలో, ఏ వేళల్లో, బ్రేక్ ఎప్పుడో ఇందులో ఉంటుంది.
- షూగ్యో కిసొకు, అంటే కంపెనీ నియమావళి. 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్న చోట ఇది తప్పనిసరి. మీరు అడిగితే చూపించాలి.
- గత మూడు నెలల పే స్లిప్పులు.
- బడి ఇచ్చే నెల షెడ్యూల్, పీరియడ్ల టైంటేబుల్.
- ఒక చిన్న నోటు పుస్తకం. ఫోన్‌లో యాప్ అయినా సరే, రోజూ రాయగలిగేదే ఎంచుకోండి.

జపనీస్ చదవడం రాకపోతే కాగితాన్ని ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూడండి. వేళలు, బ్రేక్, ఓవర్‌టైం ఉన్న గళ్ల దాకా అది సరిపోతుంది. సంతకం పెట్టబోయే కొత్త కాగితమైతే మాత్రం తెలిసినవాళ్లతో చదివించుకోండి.

1. మీ యజమాని ఎవరో తేల్చుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా బడిలో గొడవకి దిగుతారు. ఎవరిని అడగాలో మీ నియామకం ఏ రకందో దాన్ని బట్టి ఉంటుంది.

*హకెన్, అంటే డిస్పాచ్:* జీతం ఇచ్చేది కంపెనీ, పని చెప్పేది బడి. పని గంటల పరిమితి పాటించడం, బ్రేక్ ఇవ్వడం బడి వైపు బాధ్యత. జీతం లెక్క కంపెనీ బాధ్యత. ఫిర్యాదు తీసుకునే మనిషి రెండు వైపులా ఒక్కొక్కరు ఉండాలి, వాళ్ల పేర్లు మీ పత్రంలోనే ఉంటాయి.

*గ్యోము ఇతకు, అంటే పని మొత్తం కంపెనీకి కాంట్రాక్ట్‌కి ఇవ్వడం:* మీరు కంపెనీ ఉద్యోగి. బడిలో టీచర్ మీకు నేరుగా పని పురమాయించకూడదు, బ్రేక్ చూడాల్సింది కంపెనీయే. కాగితం మీద ఈ పద్ధతి రాసుకుని, రోజూ బడి టీచర్లే "ఇది చెయ్యి, అది చెయ్యి" అంటుంటే దాన్ని గిసో ఉకెఓయ్ అంటారు. అది చట్టవిరుద్ధం. మీ నోటు పుస్తకంలో ఎవరు చెప్పారో రాయమనడం ఇందుకే.

*నేరుగా విద్యా మండలి నియామకం:* జెట్ ప్రోగ్రాం, అంటే జపాన్ ప్రభుత్వ పథకం, కింద వచ్చినవాళ్లు, నగరపాలికలు సొంతంగా తీసుకున్నవాళ్లు ఇందులోకి వస్తారు. మీరు స్థానిక ప్రభుత్వ ఉద్యోగి కిందకి వస్తారు. మాట్లాడాల్సింది విద్యా మండలిలో మీ సూపర్‌వైజర్‌తో.

*ఎయ్‌కైవ:* ఎక్కువమంది నేరుగా ఉద్యోగులే. కొన్ని చోట్ల మాత్రం టీచర్‌ని స్వతంత్ర కాంట్రాక్టర్‌గా చూపిస్తారు. అలా రాసి ఉన్నా, వేళలూ చోటూ పద్ధతీ అన్నీ వాళ్లే నిర్ణయిస్తుంటే మీరు నిజానికి ఉద్యోగేనని వాదించే వీలుంది. అది యూనియన్‌నో లాయర్‌నో పట్టుకుని చేయాల్సిన పని, ఒంటరిగా దిగకండి.

2. కాగితంలో మూడు గళ్లు చూడండి

షిగ్యో అంటే పని మొదలయ్యే వేళ. షూగ్యో అంటే ముగిసే వేళ (పై పత్రాల పేర్లలో ఉన్న షూగ్యో వేరే మాట, పలకడం ఒకటే). క్యూకెయ్ అంటే బ్రేక్. ఈ మూడింటిని ఒక కాగితం మీద ఎత్తి రాసుకోండి.

బ్రేక్ గడిలో "60 నిమిషాలు" అని మాత్రమే ఉండి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది లేకపోతే అక్కడే జాగ్రత్త పడండి. వేళ రాయని బ్రేక్‌ని తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ సర్ది చూపిస్తారు: "నీకు రెండో పీరియడ్ ఖాళీ ఉంది కదా, అదే నీ బ్రేక్." ఈ-మెయిల్‌లో ఒక్క వాక్యం అడిగి పెట్టుకోండి: "క్యూకెయ్ జికన్ వా నాన్‌జి కరా నాన్‌జి మదె దెసు కా", బ్రేక్ ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అని. ఈ ప్రశ్నలో ఎవరూ తప్పు పట్టేదేం లేదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే అడిగేయాలి.

ఎయ్‌కైవ వాళ్లు "వారానికి 29.5 గంటలు" అన్న అంకె ఉందేమో చూడండి. పూర్తికాలం ఉద్యోగి గంటల్లో నాలుగింట మూడు వంతులకి తక్కువగా చూపిస్తే ఆరోగ్య బీమా, పెన్షన్ కట్టే పని తప్పుతుందన్న ఉద్దేశంతో చాలాకాలంగా వాడుతున్న అంకె అది. పాఠాల మధ్య నిమిషాలు లెక్కలో వేయకపోతేనే అది 29.5 దగ్గర ఆగుతుంది. 2024 అక్టోబర్ నుంచి 51 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీల్లో, కొన్ని షరతులకి లోబడి, వారానికి 20 గంటలు చేసేవారిని కూడా ఆ బీమాలో చేర్చాలి. అంటే మీ కంపెనీ పెద్దదైతే 29.5 చూపించి తప్పించుకునే వీలు ఇప్పుడు లేదు.

3. రెండు వారాలు, నిమిషాలతో సహా రాయండి

రోజూ ఐదు విషయాలు చాలు: బడికి చేరిన వేళ, వెళ్లిపోయిన వేళ, కాగితం ప్రకారం బ్రేక్ వేళ, ఆ వేళలో నిజంగా ఏం చేశారు, ఎవరు చెప్పారు. సాయంత్రం ఇంటికెళ్లి గుర్తు తెచ్చుకుని రాసినదానికన్నా అప్పటికప్పుడు రాసినదానికి విలువ ఎక్కువ.

ఒక ప్రాథమిక పాఠశాల ఏఎల్‌టీ నోటు పుస్తకంలో మధ్యాహ్నం పేజీ ఇలా ఉంటుంది:

12:15 నాలుగో పీరియడ్ అయింది. 5వ తరగతి 2వ సెక్షన్‌కి వెళ్లాను, షెడ్యూల్‌లో నా పేరు అక్కడ వేశారు.
12:15–12:30 పిల్లలు తెల్ల కోట్లు, టోపీలు వేసుకుని వడ్డించారు. గిన్నెలు అందించాను.
12:30–13:00 పిల్లల గుంపులో కూర్చుని భోజనం. ఇంగ్లిష్‌లో మాట్లాడించమని క్లాస్ టీచర్ అన్నారు.
13:00–13:15 స్టాఫ్ రూంలో నా బల్ల దగ్గర. ఎవరూ పిలవలేదు.
13:20–13:35 పిల్లలతో కలిసి మెట్లు ఊడవడం.
13:40 ఐదో పీరియడ్.

కాగితం మీద బ్రేక్ 12:15–13:15. చేతికి దొరికింది 15 నిమిషాలు.

సాక్ష్యం పోగుచేసేటప్పుడు ఒక హద్దు పాటించండి. షెడ్యూల్ కాగితంలో మీ పేరున్న భాగాన్ని ఫోటో తీసుకోవచ్చు. పిల్లల ఫోటోలు, మార్కులు, పిల్లల పేర్లున్న కాగితాలు మాత్రం తీయకండి. మీ వైపు న్యాయం ఉన్నా, ఆ ఒక్క ఫోటో పట్టుకుని మిమ్మల్నే తప్పుపట్టే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

4. ఒక్కో బ్రేక్‌నీ ఈ ప్రశ్నలతో పరీక్షించండి

*ఆ సమయంలో నేను "రాను" అనొచ్చా?* పిల్లలతో తినడం మీ ఇష్టం, వెళ్లకపోయినా ఎవరూ ఏమీ అనరు అంటే అది బ్రేకే. షెడ్యూల్‌లో తరగతి వేసి ఇస్తే, వెళ్లకపోతే అడుగుతారంటే అది పని. క్లాస్ టీచర్లకి కూడా ఆ భోజన సమయం విధే. పిల్లలకి తినే పద్ధతి నేర్పడాన్ని బడి పాఠంగానే చూస్తుంది కాబట్టి వాళ్ల బ్రేక్‌ని కాగితం మీద సాయంత్రం వైపు వేస్తారు.

*ఫోన్ మోగితే, తలుపు తడితే నేనే చూడాలా?* అయితే అది తెమాచి జికన్, ఎదురుచూసే సమయం. అది పని గంటలే. ఎయ్‌కైవలో రిసెప్షన్ అమ్మాయి తినడానికి వెళ్లి మిమ్మల్ని ముందు కూర్చోబెడితే, ఒక్క స్టూడెంట్ రాకపోయినా ఆ అరగంట పనే.

*బయటికి వెళ్లొచ్చా?* కొన్నిచోట్ల ముందు చెప్పి వెళ్లమంటారు. లోపల స్వేచ్ఛగా విశ్రాంతి తీసుకునే వీలుంటే ఆ షరతు పెట్టడం తప్పు కాదు. కాబట్టి "బయటికి పంపడం లేదు" అన్నదొక్కటే పట్టుకుని ఫిర్యాదుకి వెళ్లకండి, అది నిలవదు.

*ఒక బడి నుంచి ఇంకో బడికి వెళ్తున్నానా?* ఉదయం ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట పని వేస్తే మధ్యలో సైకిల్ మీదో కారులోనో వెళ్లే సమయం పని గంటల్లోకి వస్తుంది. దారిలో ఆగి ఓనిగిరి, అంటే అన్నం ముద్ద, తిన్న ఐదు నిమిషాలు చూపించి మొత్తం 45 నిమిషాలనీ బ్రేక్ అని రాసేస్తుంటారు. ఈ రకం మోసం చాలా ఎక్కువ, కనిపెట్టడం మాత్రం తేలిక: బయల్దేరిన వేళ, చేరిన వేళ రాసుకోండి, ప్రయాణం ఎంతో మ్యాప్‌లోనే తెలుస్తుంది.

*ముక్కలు ముక్కలుగా ఇస్తున్నారా?* బ్రేక్‌ని విడగొట్టి ఇవ్వడం చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఎయ్‌కైవలో 40 నిమిషాల పాఠానికీ పాఠానికీ మధ్య ఇచ్చే 5 నిమిషాల్లో బోర్డు తుడవాలి, పోయిన స్టూడెంట్ ఫైల్ రాయాలి, వచ్చే స్టూడెంట్ ఫైల్ తియ్యాలి. అలాంటి ఐదు నిమిషాలు తొమ్మిది కలిపినా 45 నిమిషాల బ్రేక్ కాదు, 45 నిమిషాల పని.

5. డబ్బు లెక్క వేయండి

పై ఉదాహరణే తీసుకుందాం. పని 8:15 నుంచి 16:15, అంటే 8 గంటలు. కాగితం మీద బ్రేక్ గంట. రోజుకి 7 గంటలు, వారానికి 35. నెల జీతం 2,30,000 యెన్‌లు అనుకోండి.

నెలకి సగటు గంటలు: 35 × 52 ÷ 12 = 151.67.
గంట రేటు: 2,30,000 ÷ 151.67 = సుమారు 1,516 యెన్‌లు.
రోజూ పోయిన బ్రేక్ 45 నిమిషాలు: 1,516 × 0.75 = 1,137 యెన్‌లు.
నెలకి 20 పని దినాలు: 22,740 యెన్‌లు.

ఇక్కడ 25 శాతం కలపకూడదు. రోజు పని 7 గంటల నుంచి 7 గంటల 45 నిమిషాలు అయింది, 8 గంటలు దాటలేదు కాబట్టి మామూలు రేటే వస్తుంది. ఈ తేడా తెలియక మొత్తానికీ 1.25 వేసి పంపితే, తప్పు లెక్క అని చెప్పి మీ ఫైల్ మొత్తాన్ని పక్కన పెట్టేస్తారు.

స్పీచ్ పోటీకి పిల్లల్ని తయారుచేయమని 17:00 దాకా ఉంచితే? ఆ రోజు పని 8 గంటల 30 నిమిషాలు. అదనపు 45 నిమిషాల్లో మొదటి 15 మామూలు రేటు, 379 యెన్‌లు. తర్వాతి 30 నిమిషాలకి 1.25 రెట్లు, సుమారు 948 యెన్‌లు. పైగా 8 గంటలు దాటింది కాబట్టి ఆ రోజు 60 నిమిషాల బ్రేక్ ఇచ్చి తీరాలి.

కంపెనీ సెలవుల వల్ల ఏడాది గంటలు తగ్గితే గంట రేటు పెరుగుతుంది. సెలవుల క్యాలెండర్ దొరికితే 35 × 52 బదులు అసలు ఏడాది గంటలు వేసి 12తో భాగించండి. రోజూ పావుగంటకో అరగంటకో లోపు నిమిషాలు కొట్టేసే పద్ధతి చెల్లదు, నిమిషాలన్నీ లెక్కకి వస్తాయి.

6. రాసి అడగండి, బ్రేక్‌నే ముందు అడగండి

డబ్బు సంగతి రెండో ఉత్తరంలో పెట్టుకోవచ్చు. బ్రేక్ ఇవ్వనందుకు డబ్బు కట్టినా బ్రేక్ ఇవ్వాల్సిన బాధ్యత పోదు. మీకూ రోజూ కావాల్సింది ఆ ముప్పావుగంటే: గొంతుకి విశ్రాంతి, ప్రశాంతంగా నాలుగు ముద్దలు.

మెయిల్ ఇంత చాలు: "12:15 నుంచి 13:00 వరకు నన్ను తరగతి భోజనానికి వేశారు. పిల్లలతో తినడం నాకు ఇష్టమే, కొనసాగిస్తాను. ఆ సమయాన్ని పనిగా లెక్కించి, నా బ్రేక్‌ని వేరే వేళకి మార్చగలరా? ఊడ్చే పని నుంచి వదిలేస్తే 13:00 నుంచి 13:40 వరకు ఒక వీలు, ఆరో పీరియడ్ ఖాళీ ఉన్న రోజుల్లో 14:30 తర్వాత ఇంకో వీలు. దయచేసి వేళ రాసి పంపండి."

13:00–13:40 అంటే 40 నిమిషాలే, చట్టం ప్రకారం కనీసం 45 ఉండాలి. అది ఒప్పుకుంటే మిగిలిన 5 నిమిషాలు ఎక్కడో కూడా రాయించుకోండి. 15:30 నుంచి 16:15 వరకు బ్రేక్ అంటే ఒప్పుకోకండి, అది పని చివర పడుతుంది, మధ్యలో కాదు.

హకెన్ వాళ్లు మెయిల్ కంపెనీకి పంపి, బడి బాధ్యుడికి కూడా తెలియజేయమని అందులోనే అడగండి. స్టాఫ్ రూంలో అందరి ముందూ క్యోతో-సెన్సెయ్‌ని, అంటే వైస్ ప్రిన్సిపాల్‌ని, నిలదీయకండి. ఆయన చేతిలో ఉన్నది టైంటేబుల్ మాత్రమే. పద్ధతిగా అడిగితే ఆ టైంటేబుల్‌ని మార్చగలిగేదీ ఆయనే. చాలా చోట్ల సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

7. తేలకపోతే

రెండు మూడు వారాలు చూసి ఒకసారి గుర్తు చేయండి. జవాబు రాకపోతే దారులు ఇవి.

*రోకిషో.* పూర్తి పేరు రోదో కిజున్ కంతొకుషో, కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయం. మీ పనిచోటు ఏ కార్యాలయం పరిధిలో ఉందో చూసుకుని వెళ్లండి. మీ పేరు యజమానికి చెప్పవద్దని కోరొచ్చు. తప్పు తేలితే సరిదిద్దమని యజమానికి నోటీసు ఇస్తారు. ఫిర్యాదు చేశారని ఉద్యోగం తీసేయడం చట్టం నిషేధించింది. అయితే మీ తరఫున డబ్బు వసూలు చేసిపెట్టడం వాళ్ల పని కాదు. కార్మిక మంత్రిత్వ శాఖ విదేశీ కార్మికులకి నడిపే ఫోన్ సలహా సేవలో ఇంగ్లిష్ ఉంది, ముందు అక్కడ మాట్లాడి వెళ్తే మేలు.

*యూనియన్.* ఒసాకాలో జనరల్ యూనియన్, టోక్యోలో తోజెన్ యూనియన్ విదేశీ టీచర్ల సమస్యల మీదే ఎక్కువగా పనిచేస్తాయి. ఒక్కరే అయినా చేరొచ్చు. యూనియన్ చర్చకి పిలిస్తే సరైన కారణం లేకుండా యజమాని రానని అనకూడదు. డబ్బు రావాల్సి ఉన్నవాళ్లకి రోకిషో కన్నా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం.

*కోర్టు.* 6,00,000 యెన్‌ల లోపు బాకీకి చిన్న దావాల విచారణ ఉంది. మామూలుగా ఒకే రోజులో విచారణ ముగుస్తుంది.

విద్యా మండలి నేరుగా నియమించినవారికి దారి వేరు. బడి ఉద్యోగుల విషయాలు రోకిషో పరిధిలోకి రావు. జింజి ఇంకై అనే ఉద్యోగుల కమిషన్ దగ్గరికి, అది లేని చిన్న ఊళ్లలో స్థానిక పాలక కార్యాలయం దగ్గరికి వెళ్లాలి.

వీసా భయం గురించి: వీసా ఇచ్చేది ఇమిగ్రేషన్, మీ కంపెనీ కాదు. ఉద్యోగం పోయినా, మానేసినా ఆ రోజే వీసా రద్దు కాదు. 14 రోజుల్లోగా ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, ఇంకో పని వెతుక్కోవాలి. తగిన కారణం లేకుండా మూడు నెలలు ఆ వీసాకి తగిన పని చేయకపోతే రద్దు చేసే అవకాశం ఉంటుంది. మనవాళ్లలో చాలామంది బోనఫైడ్ సర్టిఫికెట్లన్నీ పోగుచేసి, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియమే అని చూపించి వచ్చినవాళ్లు. "మేమే వీసా ఇప్పించాం" అన్న మాట విని నోరు మూసుకోకండి. ఆ అర్హత మీ చదువుది.

ఎక్కువమంది తడబడే చోట్లు

*పక్క టీచర్లని చూసి ఊరుకోవడం.* "జపనీస్ టీచర్లే బ్రేక్ తీసుకోరు, రాత్రి ఏడు దాకా ఉంటారు, నేనెలా అడగను?" అంటారు. ప్రభుత్వ బడి టీచర్లకి 1971లో చేసిన ప్రత్యేక చట్టం ఉంది. వాళ్లకి ఓవర్‌టైం బదులు జీతంలో 4 శాతం కలిపి ఇచ్చేవారు, 2025లో సవరించి దాన్ని క్రమంగా 10 శాతానికి పెంచుతున్నారు. ఆ చట్టం డిస్పాచ్ ఏఎల్‌టీకి వర్తించదు. ఆ జపనీస్ టీచర్లకీ బ్రేక్ హక్కు ఉంది, దొరకడం లేదు. అది వాళ్ల కష్టం. దాన్ని మీ మీదికి కూడా తెచ్చుకుంటే ఎవరికీ మేలు లేదు.

*క్యూషొకు, అంటే బడి భోజనం, డబ్బు నేనే కడుతున్నాను కాబట్టి అది బ్రేక్ అనుకోవడం.* భోజనానికి ఎవరు డబ్బు కట్టారన్నదానికీ, ఆ సమయం ఎవరిదన్నదానికీ సంబంధం లేదు.

*శాకాహారులు మొహమాటంతో ఖాళీ కడుపుతో ఉండిపోవడం.* ప్రతి నెలా కొందతె-హ్యో అనే మెనూ కాగితం ఇస్తారు. ఏ రోజు ఏ వంట, అందులో ఏమేం వేశారు అన్నది ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుంపులుగా రాసి ఉంటుంది. కూరగాయల సూప్ అని కనిపించినా చేపతో కాచిన దాషి అనే రసం ఉండే అవకాశం ఎక్కువ. ముందే చెప్పేసి డబ్బా తెచ్చుకుంటానని అనుమతి అడగండి. పెరుగన్నం డబ్బాతో తరగతిలో కూర్చున్నా అది పని సమయమే, లెక్కలో వేసుకోండి.

*సెలవు కోల్పోవడం.* వారానికి ఐదు రోజులు చేస్తుంటే గంటలు 29.5 అయినా, ఆరు నెలలయ్యాక 10 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. 80 శాతం హాజరు ఉండాలి. "నువ్వు పార్ట్‌టైం, నీకు లేదు" అంటే నమ్మకండి.

ఫలితం వచ్చిందో లేదో చూసుకోండి

బ్రేక్ మార్చామని చెప్పాక నోటు పుస్తకం మూసేయకండి. ఇంకో రెండు వారాలు రాయండి. కొత్త వేళ రాతపూర్వకంగా ఉందా, ఆ వేళలో మిమ్మల్ని ఎవరైనా పిలిచారా, పిలిస్తే ఆ నిమిషాలు తిరిగి ఇచ్చారా చూడండి. వచ్చే నెల పే స్లిప్‌లో పని గంటల గడి మారిందా చూడండి. కొన్ని కంపెనీలు బ్రేక్‌ని సరిచేసి, ఆ 45 నిమిషాలూ ముగిసే వేళకి కలిపేస్తాయి. ముగిసే వేళ మీ అనుమతి లేకుండా మారిస్తే కాంట్రాక్ట్ మార్చినట్టే, ఒప్పుకోవాల్సిన పని లేదు.

పాత బాకీ అడగడానికి గడువు మూడేళ్లు, 2020 ఏప్రిల్ నుంచి రావాల్సిన జీతాలకి ఇది వర్తిస్తుంది. ఒక్కో నెల జీతానికీ ఆ నెల జీతం రోజు నుంచి లెక్క. అంటే ఆలస్యం చేసినకొద్దీ వెనక నెలలు ఒక్కొక్కటే రాలిపోతాయి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

పద్ధతి ఇదే: రాసుకోండి, పరీక్షించండి, లెక్క వేయండి, రాసి అడగండి. అంకెలు మాత్రం వేరు.

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పని రోజుకి 8, వారానికి 48 గంటలు. ఏకధాటిగా 5 గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో మొత్తం కనీసం గంట బ్రేక్ ఇవ్వాలి. ఆ గంట పని గంటల్లో కలవదు. రంజాన్ నెలలో రోజుకి 2 గంటలు తగ్గించాలి, ఇది ఏ మతం వారికైనా వర్తిస్తుంది. బాలింతలకి ప్రసవం తర్వాత ఆరు నెలల దాకా రోజుకి ఒకటి రెండు సార్లు, మొత్తం గంటకి మించకుండా, పాలిచ్చే విరామం ఉంది. దానికి జీతం కోయకూడదు.

సౌదీలోనూ రోజుకి 8, వారానికి 48 గంటలు. ఏకధాటిగా 5 గంటలు దాటకుండా, కనీసం అరగంట విరామం ఇవ్వాలి. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులకి రోజుకి 6, వారానికి 36 గంటలు.

గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లలో ఎక్కువగా ఇరుక్కునేది రీసెస్ డ్యూటీ, బస్ డ్యూటీ దగ్గర. పిల్లల రీసెస్‌లో మీరు వరండాలో కాపలా ఉంటే అది మీ బ్రేక్ కాదు. డ్యూటీ రోస్టర్ కాపీ వారం వారం దాచుకోండి, బస్సు ఎక్కించి గేటు దాటిన వేళ పక్కన రాసుకోండి.